కుంటిమెట్టు

ఒక మనిషిని ద్రోహి అని తేల్చడానికి ఒక్క స్వరం చాలునా?

ఈ ప్రశ్నను వాద్యకారుల సంఘం కార్యదర్శిని ఆయన ఇంటి వరండాలో నిలబడి అడిగాను. ఆయన తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవారిని కూడా వరుసగా అడుగుతూ వచ్చాను. ఒకాయన కాఫీ ఇప్పించాడు. మరొకాయన ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. జవాబు ఎవరూ ఇవ్వలేదు. అందుచేత ఆ వానాకాలంలో జరిగినదాన్ని జరిగిన క్రమంలోనే ఇక్కడ పెడుతున్నాను. చదివేవారి జాలి నాకు అక్కరలేదు, శ్రద్ధ చాలు.

మా ఆయన రేడియో స్టేషన్ వాద్యబృందంలో చెల్లో వాయించేవారు, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకునే బొంగురు గొంతు పెద్ద వయొలిన్. నేను ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేదాన్ని. మాకు పిల్లలు లేరు. మా అమ్మ పోయిన తరువాత తమ్ముడు పెట్టె పట్టుకుని వచ్చి మా వెనక గదిలో దిగాడు, ఉండిపోయాడు. ఒక హోటల్లో భోజనాల వేళ ఎలక్ట్రిక్ పియానో వాయించేవాడు. "నేను మంచి ఊపులో ఉన్నప్పుడే ఎవడో ఒకడు ఉప్పు అడుగుతాడక్కా" అని నవ్వేవాడు.

వెనక గదికీ మా గదికీ మధ్య ఉన్నది చెక్క పలకల గోడ. మా ఆయన పొద్దున్నే ఆ గోడ వైపు కుర్చీ వేసుకుని సాధన చేసేవారు. గోడకు అవతల తమ్ముడి మంచం.

"బావా, ఆ ఏనుగుని రోజూ ఎందుకేడిపిస్తావ్? దాని మానాన దాన్ని వదిలెయ్యకూడదూ?"

"నువ్వు లేస్తే అదే ఊరుకుంటుందిలే. లే, మొహం కడుక్కో."

ఆ ఏనుగు ఏడుపు ఏమిటో చెప్పాలి. ఎప్పుడో రెండు శతాబ్దాల కిందట పోయిన ఒక స్వరకర్త రాసిన రచన అది. నెమ్మదిగా సాగుతుంది. స్టేషన్ ప్రతి ఉదయం దానితోనే తెరుచుకునేది. బృందం స్టూడియోలో కూర్చుని అప్పటికప్పుడు వాయించేది. పైన వయొలిన్లు పాడుతుంటే, కింద చెల్లోలు మెట్లు దిగినట్టు ఒక వరుస దిగుతాయి. అడుగుకు చేరి, మళ్ళీ పైనుంచి మొదలుపెడతాయి. ఆ దిగుడులో ఒకచోట తప్పు ఉంది. స్టేషన్ పెట్టిన కొత్తలో చెల్లోల కోసం చేత్తో ప్రతి రాసినవాడు ఒక స్వరాన్ని అర మెట్టు కిందకు దించాడు. అచ్చు పుస్తకంలో ఆ తప్పు లేదు. లోకంలో మరే బృందమూ అలా వాయించదు. మా వాళ్ళు మాత్రం దాన్ని దిద్దలేదు. కొత్తగా చేరినవాడు అక్కడ సరైన స్వరం వాయిస్తే పక్కవాడు మోచేత్తో పొడిచి, "ఇక్కడ ఇంతే" అనేవాడు. వయొలిన్ల చప్పుడులో బయటివారికి అది వినపడదు. చెల్లోలవాళ్ళు దానికి ముద్దుగా పెట్టుకున్న పేరు కుంటిమెట్టు.

ఆ వానాకాలం మొదట్లో స్టేషన్ యాజమాన్యం వాద్యబృందాన్ని రద్దు చేస్తామంది. సంఘం సమ్మెకు దిగింది. ఉదయం ప్రారంభంలో ఆ రచనను బృందమే వాయించాలి, రికార్డు వేయకూడదు అని పాత ఒప్పందం ఒకటి ఉండేది. కనుక సమ్మె మొదలైన నాటినుంచి ఆ వేళకు రేడియోలో ఏమీ వచ్చేది కాదు. జనం ఆ మౌనాన్ని వినడానికే రేడియో పెట్టడం మొదలుపెట్టారు. యాజమాన్యానికి అది గొంతులో ముల్లు అయింది.

స్టేషన్ గేటు ఎదుట టీ కొట్టు పక్కన సమ్మె పందిరి. సంఘం కార్యదర్శి ట్రంపెట్ వాయించేవాడు. మాట కూడా అదే స్థాయిలో ఉండేది కాబట్టి అందరూ ఆయన్ను మొహం మీదే బాకా అని పిలిచేవారు.

"వింటున్నారా? ఏమీ లేదు! మన బృందం ఇంతకంటే బాగా ఎప్పుడూ వాయించలేదు" అన్నాడు బాకా ఒక ఉదయం, కొట్టు రేడియోకు చెవి పెట్టి.

"మీ ట్రంపెట్ లేదుగా, అందుకని" అన్నారు మా ఆయన.

పందిరంతా నవ్వింది. బాకా కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ జ్ఞాపకముంది. ఎందుకంటే ఆ తరువాత ఆ పందిట్లో మా ఆయన నవ్వింది మరొక్కసారే. ఆ రెండో నవ్వే ఆయన మీద సాక్ష్యం చెప్పింది.

ఆయన రెండోసారి నవ్విన రోజు నాకు సెలవు. పొడి చొక్కా, గొడుగు పట్టుకుని పందిరికి వెళ్ళాను. వేళయింది. మౌనం రావలసినచోట డ్రమ్ము వచ్చింది. తడిబట్టను బండ మీద కొట్టినట్టు పొడిగా, తెంపుగా. దాని వెనక బేస్ గిటార్ మా మెట్లు దిగడం మొదలుపెట్టింది. నడవడం లేదు, తూలుతూ, ఆగుతూ, భుజాలు ఊపుతూ దిగుతోంది. వయొలిన్లు పాడవలసిన పాట శాక్సఫోన్ నోట్లో ముక్కలై, ప్రతి ముక్కా కొంచెం ఆలస్యంగా వస్తోంది. ఎలక్ట్రిక్ పియానో మధ్యలో దూరి ఇద్దరినీ ఆటపట్టిస్తోంది. కుంటిమెట్టు దగ్గరకు వచ్చేసరికి అన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ స్వరం ఒక్కటే ఒంటరిగా గాలిలో నిలబడింది. తరువాత అన్నీ కలిసి దాని మీద పడ్డాయి.

అది బాగుంది. ఈ మాట రాయకపోతే మిగతా రాసినదంతా అబద్ధమవుతుంది.

మా ఆయన పకపకా నవ్వారు. "కుంటిది! ఒరే, మన కుంటిదేరా!" అని పక్కనున్నాయన వీపు చరిచారు. చెల్లోలవాళ్ళు ఇద్దరిద్దరు ఒక స్టాండు మీది కాగితం చూసి వాయిస్తారు. లోపలివైపు కూర్చున్నవాడు ఇద్దరి కోసమూ పేజీ తిప్పుతాడు. మా ఆయన స్టాండు మీద పేజీలు తిప్పేది ఈయనే. సంవత్సరాల తరబడి మా ఇంట్లో భోంచేసిన మనిషి. ఆయన నవ్వలేదు. మా ఆయన చేయి తన వీపు మీద ఉండగానే పక్కకు జరిగాడు.

రేడియోలో అమ్మాయి, ఇది పాత రచన కాదనీ, పూర్తిగా కొత్త రచన అనీ చెప్పి, దాన్ని కూర్చినవారంటూ మా తమ్ముడి పేరు చదివింది.

మధ్యాహ్నం తమ్ముడు బట్టలు తీసుకోవడానికి ఇంటికి వచ్చాడు.

"విన్నావా బావా?"

"విన్నాన్రా. అక్కడ ఆపావు చూడు, కుంటిది దగ్గర... ఎలా తట్టింది నీకు?"

"నచ్చిందా?"

"నచ్చింది. అదే వచ్చిన చిక్కు."

నేను అంత మెత్తగా అడగలేదు. "సమ్మె జరుగుతోందని నీకు తెలీదా?"

"తెలుసక్కా. మీ సమ్మె. నేను ఆ గేటు లోపలికి ఎన్నిసార్లు పరీక్షకెళ్ళానో తెలుసా నీకు? 'నీ వేళ్ళకి హోటల్ వాసనొస్తోంది' అన్నాడు ఆ బాకా, అందరి ముందూ. ఇన్నాళ్ళకి స్టేషన్‌వాళ్ళు కారు పంపించి, నీకు తోచింది చెయ్యి అన్నారు. నాకు తోచింది చేశా. తప్పా?"

"తప్పే."

"బావ తప్పనడం లేదుగా."

మా ఆయన వాడి పెట్టె మూత పడకపోతే మోకాలితో నొక్కి సాయం చేశారు.

స్టేషన్ వాదన ఏమిటో సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. ఒప్పందం పాత రచనకు మాత్రమే వర్తిస్తుందట. ఇది పాతది కాదనడానికి రుజువు ఆ కింది వరుసేనట. అచ్చు పుస్తకం పక్కన పెట్టి చూసుకోండి, స్వరం వేరుగా లేదా అన్నారట స్టేషన్ వకీళ్ళు. బృందం చేతిరాత కాగితం చూపితే, అది నిన్న దిద్దుకున్నది కాదని ఏమిటి నమ్మకం అన్నారట. బృందంలో పుట్టిన తప్పునే బృందం మీద కత్తిగా వాడారు. ఆ కత్తి అందించిన చేయి ఎవరిదన్నదే సంఘానికి మిగిలిన ప్రశ్న.

బాకా, పేజీలాయన కలిసి మా ఇంటికి వచ్చారు. తడి గొడుగులు గుమ్మం బయట పెట్టమన్నాను.

"వదినా, మీ ఇంట్లో కూర్చుని ఈ మాట అడగాల్సి రావడం మాకూ సరదా కాదు" అన్నాడు బాకా. "ఆ స్వరం చెల్లోలవాళ్ళకి తప్ప పురుగుకి కూడా తెలీదు. మరి మీ తమ్ముడికి ఎలా తెలిసింది?"

"ఈ గోడ మీద కొట్టి చూడండి" అన్నాను. "గట్టిగా అక్కరలేదు, గోటితో."

బాకా నిజంగానే లేచి గోటితో కొట్టాడు. అవతల గదిలో కిటికీ అద్దం కూడా మోగింది.

"వాడి తల ఈ పలకకు ఆనుకుని ఉండేది. ఈయన కుర్చీ ఇక్కడ. ఏళ్ళ తరబడి రోజూ ఉదయం విన్నాడు. ఇందులో చేరవేత ఎక్కడుంది?"

"విని ఉండొచ్చు. కాగితం ఇచ్చీ ఉండొచ్చు. ఏది నిజమో మాకెలా తెలుస్తుంది?"

అప్పుడు నా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటి చెప్పాను. పాత చేతిరాత ప్రతులను పరిష్కరించేవారు, రెండు ప్రతుల్లో ఒకే తప్పు కనిపిస్తే ఆ రెండింటికీ బంధుత్వం ఉందని అంటారు. అంతవరకే అంటారు. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఇచ్చానని ఇచ్చినవాడికి తెలుసో లేదో ఆ తప్పు చెప్పదు.

"మీరు చదువుకున్నవారు వదినా" అన్నాడు బాకా. "మా గొడవ చిన్నది. వాడు మీ రక్తం. ఈయన మీ మనిషి. స్వరం మాది. పైగా ఆ రోజు అందరూ నీరుగారిపోయి ఉంటే ఈయనొక్కడే నవ్వాడు."

"సంతోషమేసి నవ్వాను" అన్నారు మా ఆయన.

"అదే అంటున్నా."

"నువ్వేమంటావయ్యా?" అని పేజీలాయనను అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"చెల్లోలవాళ్ళం ఉన్నదే గుప్పెడుమందిమి వదినా. ఎవరో ఒకరని తేలకపోతే అందరి మీదా పడుతుంది. నాకూ ఇల్లుంది."

చివరకు బాకా ఒక దారి చూపాడు. ఇది న్యాయమైన దారేనని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. శుక్రవారం సాయంత్రం సంఘం హాల్లో సభ. తమ్ముడు వచ్చి, ఆ స్వరాన్ని గోడ అవతలనుంచి విన్నానని అందరి ముందూ చెప్పాలి. చెబితే మా ఆయన మీది మచ్చ పోతుంది. ఆ స్వరం బృందానిదేనని వాడి నోటనే వస్తుంది కాబట్టి, స్టేషన్ చెబుతున్న కొత్త రచన వాదనా కూలుతుంది. సమ్మె నిలబడుతుంది. ఇవన్నీ వాడి ఒక్క మాట మీద ఆధారపడ్డాయి.

వాడు సాధన చేసుకుంటున్న అద్దె గదికి వెళ్ళాను. గోడలకు గుడ్డుపెట్టెల అట్టలు అంటించి ఉన్నాయి. తీగలు నేలంతా పాకి ఉన్నాయి. ఒక స్పీకర్ మీద వారపత్రిక, ఒకే పేజీ దగ్గర పలుమార్లు మడిచినది. వృత్తిరీత్యా అచ్చు కనబడితే చదవకుండా ఉండలేను. చచ్చిపోయిన రచనకు ఒక్క సాహస స్వరంతో ప్రాణం పోసిన ప్రతిభాశాలి అని రాశారు.

సంగతి చెప్పాను. వాడు విన్నాడు.

"నీకో విషయం చెప్పనా అక్కా? అది తప్పని నాకు తెలీనే తెలీదు. స్టేషన్‌వాళ్ళు అచ్చు పుస్తకం ముందు పెట్టాక తెలిసింది. నాకు ఆ పాటంటే బావ వాయించిందే."

"ఆ మాటే హాల్లో చెప్పు."

"చెబితే రేపట్నుంచి స్టేషన్‌వాళ్ళు నా మొహం చూస్తారా? అది పోనీ. ఈ పేపర్ చూశావుగా. ఆ స్వరం గురించే రాశారు. అది నాది కాదంటే ఇంక నాదంటూ ఏం మిగిలింది?"

"మిగిలినదంతా నీదే. అక్కడ ఆపడం నీది. ఆ డ్రమ్ము నీది. ఆ నడక నీది. మీ బావ కూడా దానికే నవ్వారు."

"వాళ్ళు రాసింది దాని గురించి కాదుగా."

డ్రమ్ముల దగ్గర కూర్చున్నవాడు కర్రలు టకటకలాడించి, "అన్నా, కానిద్దామా?" అన్నాడు.

"వస్తాలే అక్కా" అన్నాడు తమ్ముడు, లేచి. "శుక్రవారమేగా. బావతో చెప్పు, వస్తానని."

చెప్పాను. మా ఆయన నమ్మారు. శుక్రవారం మధ్యాహ్నం తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నారు.

హాల్లో తడిసిన బట్టల వాసన. సభ్యులు కాని వారికి ప్రవేశం లేదన్నారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి వరండాలో నిలబడి అంతా విన్నాను. కొంతసేపు ఎదురుచూశారు. వీధిలో ఏ కారు ఆగినా తలలన్నీ తిరిగేవి. తరువాత తిరగడం మానేశాయి. బాకా లేచాడు. ఆ రోజు గొంతు తగ్గించే మాట్లాడాడని ఒప్పుకోవాలి.

"మీ బావమరిది రాలేదు. మిమ్మల్నే అడుగుతున్నా. ఆ స్వరం అతనికి ఎవరినుంచి వచ్చింది?"

"నా నుంచే" అన్నారు మా ఆయన.

హాల్లో కుర్చీలు కదిలాయి.

"కాగితం ఇచ్చారా?"

"లేదు. కానీ రోజూ వాయించాను. వాడు విన్నాడు. వింటున్నాడని నాకు తెలుసు. ఒక్కోసారి వాడు లేవాలని ఆ చోటే కావాలని గట్టిగా వాయించేవాణ్ణి. నేను నేర్పలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఇంకేమైనా చెప్పుకుంటారా?"

"చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు."

ఆయన్ను ద్రోహిగా తేల్చాలన్నవారిని చేతులెత్తమన్నారు. పేజీలాయన చేయి కూడా చప్పుడు కాకుండా లేచింది, స్టాండు మీద పేజీ తిప్పేటప్పటిలాగే.

అడిగినదానికి మా ఆయన అణా పైసలతో సహా సరిగ్గా జవాబు చెప్పారు. కొంచెం తక్కువ నిజాయితీ ఉన్నవాడెవడైనా, "వాడు దొంగచాటుగా విన్నాడు" అని బయటపడి ఉండేవాడు. అబద్ధం కూడా కాదు. ఆయనకు ఆ మాట నోటికి రాలేదు. ఆయన చెప్పిన జవాబులో మొదటి రెండు మాటలు మాత్రమే సంఘానికి వినిపించాయి.

మరునాడు ఉదయం నేను ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను. ఆయన ఎప్పటిలాగే గోడ వైపు కుర్చీ వేసుకున్నారు. అవతల మంచం ఖాళీ. చెల్లో మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆ చోటికి వచ్చింది. ఆయన అక్కడ సరైన స్వరం వాయించారు, అచ్చు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ దాన్ని వాయించలేదు. నేను కలం కింద పెట్టాను. ఆయన అడుగుదాకా దిగి, విల్లు తుడిచి, తీగలు వదులు చేశారు. చెల్లోను పెట్టెలో పెట్టి కొక్కేలు వేశారు.

"కిటికీ వెయ్యి. జల్లు కొడుతోంది, నీ కాగితాలు తడుస్తాయి" అన్నారు.

ఆ పెట్టె మళ్ళీ తెరవలేదు.

వానలు వెనకబట్టేలోపే సమ్మె ఓడిపోయింది, బృందం రద్దయింది. ఓటమికి ఒక కారణం కావాలి కదా. సంఘానికి అది మా ఇంట్లో దొరికింది. తక్కినవాళ్ళకు సంఘం అక్కడా ఇక్కడా వాయించే పని చూపింది. మా ఆయనకు చూపలేదు. స్టేషన్‌కు ఆయన సమ్మె చేసినవాడు, సంఘానికి సమ్మెను చెడగొట్టినవాడు. మా ప్రచురణ సంస్థ గిడ్డంగిలో పుస్తకాల కట్టలు కట్టే పనికి కుదిరారు. గిడ్డంగిలో రేడియో ఉండేది. అన్ని రేడియోల్లోలాగే అందులోనూ ఆ డ్రమ్ము మోగేది. అప్పుడు కూడా ఆయన చేతులు ఆగేవి కావు, ముడి బిగించి తరువాతి కట్ట అందుకునేవారు. కొన్నేళ్ళకు ఆ గిడ్డంగి మెట్ల మీదే గుండె ఆగి పోయారు.

బృందంవాళ్ళ పద్ధతి ఒకటుంది. చెల్లోలవారిలో ఎవరైనా పోతే మిగతావారు వచ్చి, వయొలిన్లు లేకుండా ఆ కింది వరుస ఒక్కటే వాయించి, కుంటిమెట్టు దగ్గర ఆపేసి వెళ్ళిపోతారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. తమ్ముడు వచ్చాడు, గేటు దగ్గర నల్ల కళ్ళద్దాలతో నిలబడ్డాడు. ఇప్పటికైనా ఆ మాట చెబుతావా అని అడిగాను. "ఇప్పుడెందుకక్కా, పోయిన మనిషిని..." అన్నాడు. తలుపు వేసేశాను.

ఇప్పుడు స్టేషన్, సంఘం చేతులు కలిపి ఆ రికార్డుకు ఉత్సవం చేస్తున్నాయి. వచ్చే నెల పెద్ద హాల్లో కచేరీ. మా తమ్ముడికి సన్మానం. కరపత్రంలో మళ్ళీ ఆ సాహస స్వరం గురించే రాశారు. ప్రూఫు చూసినవారెవరో కానీ రెండు అచ్చుతప్పులు వదిలేశారు. సంఘం చరిత్ర పుస్తకం కూడా ఆ రోజే విడుదల. అచ్చు పనిలో తెలిసినవారు ముందే చూపించారు, అందులో మా ఆయనకు ఒక వాక్యం దక్కింది, ఇంటిదొంగ అని.

మీలో చాలామంది టికెట్టు కొనే ఉంటారు. వెళ్ళండి, వినండి. అది బాగుంటుందని నేనే చెబుతున్నాను. కచేరీ అయ్యాక అతను వేదిక దిగి మీ మధ్యకు వస్తాడు, నవ్వుతాడు, చేయి చాపుతాడు. ఆ చేయి గట్టిగా పట్టుకోండి. ఆ స్వరాన్ని మొదట ఎక్కడ విన్నావని అడగండి. జవాబు చెప్పేదాకా వదలకండి.